పారుచు వచ్చు పాఠము

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి పారు నీటిని గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. 1847వ సంవత్సరమున కాటన్ దొర ధవళేశ్వరము కడ ఆనకట్ట నిర్మాణమునకు పూనుకొనెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరము కడ తూములు దాటి వచ్చు నీరు పెద్ద కాలువలలోనికి, వానినుండి పిల్ల కాలువలలోనికి, వానినుండి పంట బోదెలలోనికి పారి, తుదకు సముద్రతీరమునకు చేరువనున్న మొగల్తూరు వంటి గ్రామముల చేలను తడుపుచున్నది. ఎగువ రైతునకు నీరు ముందు, శివారు రైతునకు వెనుక. ఎగువన ఎవరైన ఎక్కువ తోడుకొన్నచో దిగువన పైరు ఎండును. ఈ సంగతి డెల్టాలో చదువురానివారికి సైతము తెలియును.

నేడు అవే గ్రామములకు మఱియొక ప్రవాహము వచ్చి చేరుచున్నది. అది నీటి ప్రవాహము కాదు. ధ్వనుల యొక్కయు దృశ్యముల యొక్కయు ప్రవాహము. ఎక్కడో దూరమున నున్న యంత్రములో దాచిన పాఠమో, పాటయో, చలనచిత్రమో తీగల వెంటను, గాలిలోని తరంగముల వెంటను పారుచు వచ్చి మన చేతిలోని ఫోనులో ప్రత్యక్షమగుచున్నది. దీనినే స్ట్రీమింగ్ అందురు. స్ట్రీమ్ అనగా ఇంగ్లీషున వాగు, ఏఱు అని అర్థము. మనము దీనిని ప్రవాహ ప్రసారమని చెప్పుకొనవచ్చును. పేరునందే నీరున్నది గనుక, ఇందలి ముఖ్య పదములను కాలువ గట్టు మీద నిలిచి నేర్చుకొనుట మనకు సులభము.

ముందుగా ఒక భేదమును గమనింతము. మొగల్తూరు చలనచిత్ర ప్రియులకు పరిచితమైన ఊరు. నటులు ఉప్పలపాటి కృష్ణంరాజు 1940లోను, చిరంజీవి 1955లోను ఈ ఊరనే జన్మించిరి. వీరి చిత్రములు రీళ్లుగా చుట్టబడి పెట్టెలలో సినిమా హాళ్లకు చేరెడి దినములలో, పెట్టె రానిదే ఆట మొదలు కాకుండెను. మొత్తము చేరిన పిమ్మటనే చూచు ఈ పద్ధతిని కంప్యూటరు భాషలో డౌన్‌లోడ్, అనగా దిగుమతి, అందురు. అయితే ఒకే పెట్టెతో రెండు హాళ్లలో ఆట ఆడించునపుడు మఱియొక యుపాయము పన్నెడివారు. మొదటి హాలులో ఒక రీలు ముగియగనే దానిని సైకిలుపై రెండవ హాలునకు పంపెడివారు. అక్కడ మొదటి రీలు ఆడుచుండగా రెండవ రీలు దారిలో ఉండెడిది. వచ్చినంత చూచుచు, చూచుచుండగనే తక్కినది వచ్చుట దీని లక్షణము. ప్రవాహ ప్రసారమును సరిగా ఇట్టిదే. సైకిలు ఆలస్యమైనచో తెర తెల్లబోయెడిది. ప్రేక్షకులు ఈలలు వేసెడివారు. నేడు ఫోను తెర నడుమ గుండ్రముగా తిరుగు చిన్న చక్రము ఆ తెల్లబోయిన తెరకు వారసురాలు.

ఆ చక్రము ఏల తిరుగును? దీనికి సమాధానము ఒక్క సూత్రములో నున్నది. వచ్చునది వాడుకకు తీసిపోరాదు. చేనికి గంటకు ఎంత నీరు కావలయునో, బోదెలో గంటకు అంత నీరైనను రావలెను. ఈ సూత్రమును మనస్సున నుంచుకొన్నచో తక్కిన పదములన్నియు తమంత తామే బోధపడును.

కంప్యూటరు ప్రపంచమున సమాచారమునకు కనిష్ఠమైన కొలత బిట్. అది సున్న గాని ఒకటి గాని అగును. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. ఒక పాఠమును అడ్డులేకుండ చూపుటకు సెకండునకు ఎన్ని బిట్లు కావలయునో ఆ లెక్కను బిట్ రేటు అందురు. ఇది చేను కోరు నీరు. తీగ సెకండునకు ఎన్ని బిట్లను మోయగలదో ఆ లెక్కను బ్యాండ్‌విడ్త్ అందురు. ఇది కాలువ వెడల్పు. బ్యాండ్‌విడ్త్ బిట్ రేటును మించియున్నంతవఱకు పాఠము హాయిగా సాగును. తగ్గినచో చక్రము తిరుగును.

ఇట్టి క్రొత్త కాలువ మన ప్రాంతమునకు ఎట్లు వచ్చెనో చూడుడు. వసిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున, సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున, 2016 డిసెంబరులో ఇంటింటికి ఫైబరు తీగ చేర్చు ప్రయోగము ప్రారంభమయ్యెను. మఱుసటి సంవత్సరము డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభించిరి. నేలను త్రవ్వు ఖర్చును తగ్గించుటకై తీగలను చాలవఱకు విద్యుత్ స్తంభముల మీదుగా లాగిరి. ఆ తీగలో ప్రవహించునది విద్యుత్తు కాదు, వెలుగు. వెండ్రుక వంటి సన్నని గాజుపోగులో వెలుగు సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగముతో పరుగిడును. ప్రారంభ దినములలో నెలకు 149 రూపాయలకు సెకండునకు 15 మెగాబిట్ల వేగము నిచ్చెదమని ప్రకటించిరి. మెగా అనగా పది లక్షలు. కనుక 15 మెగాబిట్లనగా ఒకటిన్నర కోటి బిట్లు.

ఒకటిన్నర కోటి అనగానే చాల పెద్ద సంఖ్య యని తోచును. కాని లెక్క వేసి చూడుడు. స్పష్టమైన ఒక దృశ్యమునందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. రెండింటిని గుణించిన 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు. సెకండునకు సుమారు 25 బొమ్మలు మాఱినచో చలనము సహజముగా తోచును. అన్నింటిని గుణించిన సెకండునకు సుమారు 124 కోట్ల బిట్లగును. మోరి గ్రామపు ఇంటి తీగల వంటివి 80కి పైగా కలిపినగాని ఒక్క పాఠము పాఱదు. మఱి నేడు ఒక్క తీగలో మూడు నాలుగు పాఠములు ఎట్లు పాఱుచున్నవి?

ఇచ్చటనే కోడెక్ అను పదము వచ్చుచున్నది. పంపు చోట దృశ్యమును నొక్కి చిన్నది చేసి, చేరిన చోట మరల విప్పి చూపు గణిత పద్ధతికి కోడెక్ అని పేరు. ఉపాధ్యాయుడు నల్లబల్ల ముందు నిలిచి చెప్పుచున్నాడనుకొనుడు. బల్ల కదలదు, గోడ కదలదు. కదలునవి ఆయన చేయి, పెదవులు మాత్రమే. మాఱని వానిని మాటిమాటికి పంపుట ఏల? మాఱినంతవఱకే పంపిన చాలును. ఇది మొదటి మెలకువ. మన కన్ను పట్టించుకొనని సన్నని వివరములను విడిచివేయుట రెండవ మెలకువ. ఈ రెండవదానికి మూలమైన గణితమును 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నాసిర్ అహ్మద్ బెంగుళూరున జన్మించినవారు. కె. ఆర్. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. వీరు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున చిరకాలము అధ్యాపకులుగా నుండి, 2021లో కీర్తిశేషులైరి. వారి పద్ధతిలో బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విభజింతురు. ప్రతి గడిలోను మెల్లగా మాఱు వెలుగునీడలను ఒకవైపునకు, చప్పున మాఱు సన్నని వివరములను వేఱొకవైపునకు జల్లెడ పట్టినట్లు వేఱు చేయుదురు. సన్ననివానిలో చాల భాగమును వదలినను కన్ను కనిపెట్టలేదు. నేటి ఛాయాచిత్రములలోను, దృశ్య ప్రసారములలోను అధిక భాగము ఈ గణితము మీదను, దానినుండి పుట్టిన రూపముల మీదను ఆధారపడియున్నవి. దీని ఫలితముగా 124 కోట్ల బిట్ల ప్రవాహము సుమారు 50 లక్షల బిట్లకు దిగివచ్చును. ధ్వని విషయమునను ఇట్లే. సీడీ నాణ్యత గల పాటకు సెకండునకు సుమారు 14 లక్షల బిట్లు కావలెను; నొక్కిన పిమ్మట 1,28,000 బిట్లతో చెవికి ఇంపుగనే వినవచ్చును.

ఇక ఈ బిట్లు ప్రయాణము చేయు విధమును చూతము. పాఠము దాచియుంచి అడిగినవారికి పంపు యంత్రమును సర్వరు అందురు. అది మన ఆనకట్ట వంటిది. సర్వరు పాఠమును ఏకధారగా విడువదు. చిన్న చిన్న మూటలుగా కట్టి పంపును. ఆ మూటకు ప్యాకెట్ అని పేరు. ప్రతి మూట మీదను చేరవలసిన చిరునామా యుండును. ధ్వని దృశ్యముల మూటలపై వరుస సంఖ్యయు, కాలసూచికయు వ్రాయు ఏర్పాటు ఒకటి 1996లో ప్రమాణముగ వెలువడెను. దానిని ఆర్‌టీపీ అందురు. మూటలు ఒకే దారిన రావలెనను నియమము లేదు. ముందుది వెనుకగా, వెనుకది ముందుగా రావచ్చును. సంఖ్యను బట్టి ఫోను వానిని మరల వరుసలో పేర్చుకొనును.

దారిలో మూట పోయినచో ఏమి చేయవలెను? దీనికి రెండు మార్గములు కలవు. ధాన్యపు బస్తాలను లెక్కపెట్టి దించుకొని, తగ్గిన బస్తాను మరల తెప్పించుకొనునట్లు పోయిన మూటను మరల అడుగుట ఒకటి. దీని పేరు టీసీపీ. దాచిన పాఠములకును చిత్రములకును ఇది తగియున్నది. కొంత ఆలస్యమైనను ఏమియు పోదు. పోయినదానిని విడిచి ముందునకు సాగుట రెండవది. దీని పేరు యూడీపీ. దూరదేశమున నున్న అన్నతో ముఖాముఖి మాటలాడునపుడు, రెండు క్షణముల క్రిందట పోయిన అక్షరమును ఇపుడు తెచ్చియిచ్చిన ఏమి ప్రయోజనము? సంభాషణ ఆగకుండుటయే ముఖ్యము. ఎచ్చట పూర్ణత ముఖ్యమో, ఎచ్చట సమయము ముఖ్యమో ఎఱిగి మార్గమును ఎన్నుకొందురు.

మూటలు సమమైన వ్యవధులతో రావు. ఒకప్పుడు గుంపుగా వచ్చును. ఒకప్పుడు ఒక్కటియు రాదు. ఈ ఎగుడుదిగుడు రాకకు జిట్టరు అని పేరు. దీనికి విరుగుడు మన పూర్వులకు తెలిసినదే. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఆ సంగతి ముందే తెలిసి ఊరివారు మంచినీటి చెరువును నింపుకొందురు. కాలువ ఎండినను చెరువు ఊరిని కాపాడును. ఫోనులోను అట్టి చెరువు కలదు. దాని పేరు బఫరు. పాఠము మొదలగుటకు ముందే కొన్ని సెకండుల భాగము అందు చేరును. మనము చెరువులోని నీరు త్రాగుచుండగా కాలువ చెరువును నింపుచుండును. ప్రవాహము క్షణకాలము ఆగినను మనకు తెలియదు. చెరువు పూర్తిగ ఎండినపుడే చక్రము తిరుగును. ఆ స్థితినే బఫరింగ్ అని వాడుకలో అందురు. అనగా చక్రము తిరుగుట యంత్రము చెడుట కాదు. చెరువు నిండుచున్నదని తెలుపుట.

మఱి చెరువును ఎంత పెద్దదిగనైన త్రవ్వవచ్చును గదా యందురేమో! దానికి ఒక మూల్యము కలదు. క్రికెట్టు ఆటను ఫోనులో చూచువానికి, బంతి ఇంకను బౌలరు చేతిలో నుండగనే ప్రక్కయింటి టీవీ వద్ద కేకలు వినిపించును. ప్రక్కయింటివారు జ్యోతిష్కులు కారు. మన ఫోనులోని ఆటయే కొన్ని సెకండులు, ఒక్కొక్కప్పుడు అరనిమిషము, వెనుకబడియున్నది. ఈ ఆలస్యమునకు లేటెన్సీ అని పేరు. వెలుగు 400 కిలోమీటర్లు దాటుటకు సెకండులో 500వ వంతు చాలును. కనుక ఈ ఆలస్యములో దూరము పాలు స్వల్పము. నొక్కుట, మూటలు కట్టుట, చెరువు నింపుట అనువాని పాలే అధికము. చెరువు పెద్దదైన కొలది ప్రవాహము నిలకడగా నుండును, ఆలస్యము పెరుగును. చిన్నదైన కొలది ఆలస్యము తగ్గును, తెగిపోవు భయము హెచ్చును.

కాలువలో నీరు తగ్గినపుడు ఏమి చేయవలెను? బుద్ధిమంతుడైన రైతు ఉన్న నీటికి తగిన పైరు వేయును. ప్రవాహ ప్రసారమునను ఈ వివేకమును యంత్రమునకు నేర్పిరి. ఒకే పాఠమును సర్వరులో నాలుగైదు స్పష్టతలలో సిద్ధపఱచి, ప్రతిదానిని కొన్ని సెకండుల ముక్కలుగా కోసి యుంతురు. ఏ ముక్క ఎచ్చట నున్నదో తెలుపు పట్టికను ముందుగా ఫోనునకు పంపుదురు. ఫోను తన చెరువు మట్టమును చూచుకొనుచు, నీరు సమృద్ధిగ నున్నచో స్పష్టమైన ముక్కను, తగ్గినచో మసకగా నున్న చిన్న ముక్కను అడుగును. పాఠము నడుమ బొమ్మ మసకబాఱి మరల తేటపడుటకు కారణమిదియే. దీనిని అడాప్టివ్ బిట్ రేటు, అనగా అనువర్తన పద్ధతి, అందురు. 2009లో యాపిల్ సంస్థ ప్రవేశపెట్టిన హెచ్‌ఎల్‌ఎస్ ఈ పద్ధతిలో ప్రసిద్ధమైనది. ఆగిపోవుటకంటె మసకబాఱుట మేలని దాని నీతి.

ఇంతవఱకు ఒక్క ప్రేక్షకుని సంగతి. లక్షల మంది ఒకేసారి కోరిన ఏమగును? రేడియో, టీవీ ప్రసారము వానవంటిది. ఒక్కమాఱు కురిసిన అందఱి చేలు తడియును. చేలు పెరిగినను వానకు భారము లేదు. ప్రవాహ ప్రసారము సామాన్యముగ ఒక్కొక్క ఇంటికి వేఱువేఱుగ బోదె తీసినట్లుండును. దీనిని యూనికాస్ట్ అందురు. పదిమంది చూచిన పది ధారలు. లక్షమంది చూచిన లక్ష ధారలు. ఒకే ధారను పంపి దారి చీలిన చోట మాత్రమే ప్రతులు తీయు పద్ధతి మఱియొకటి కలదు. దానికి మల్టీకాస్ట్ అని పేరు. ఒకే సంస్థ నడుపు తీగలలో టీవీ చానళ్లను పంచుటకు అది అనుకూలము. ఇక విశాలమైన ఇంటర్‌నెట్టులో, జనులు తఱచుగా కోరు పాఠముల ప్రతులను నగరనగరమునను చిన్న సర్వరులలో దాచి, దగ్గఱలోని దానినుండి అందింతురు. ఈ ఏర్పాటును సీడీఎన్ అని పిలుతురు. ఊరూర చెరువులుండగా ప్రతి బిందెకును ఆనకట్టకు పోనక్కఱలేదు గదా!

ఈ పదములు పరీక్షలకు మాత్రమే పనికివచ్చునవి కావని 2020వ సంవత్సరము మనకు నేర్పెను. ఆ యేడు కరోనా వ్యాధి కారణముగ పాఠశాలలు మూతపడెను. పెద్దల ఉద్యోగములు, పిల్లల చదువులు, అందఱి వినోదములు ఒక్కసారిగ తీగల మీదికి వచ్చెను. మార్చి 24న మన దేశములోని ప్రధాన ప్రసార సంస్థలు ఏకమై, మొబైలు నెట్‌వర్కులపై దృశ్యములను ఏప్రిల్ 14 వఱకు 480 వరుసల స్పష్టతకు మించి పంపకుండుటకు ఒప్పుకొనిరి. దాళ్వా కాలమున నీరు చాలనపుడు డెల్టాలో వంతులవారీగా నీరు విడుచుట మనము ఎఱుగుదుము. ఇదియు అట్టి వంతే. ఎగువవారు కొంత తగ్గించుకొన్నగాని దిగువవారికి అందదు. ఇంటర్‌నెట్టు లేని పిల్లల నిమిత్తమై ఆ సంవత్సరమే దూరదర్శన్ సప్తగిరి చానలు ద్వారా పాఠములు ప్రసారము చేసిరి. బోదె చేరని చేనికి వానయే దిక్కైనది. అయితే వానలో ఒక లోపము కలదు: కురిసిన వేళనే పట్టుకొనవలెను. అర్థము కాని పాఠమును మరల వినుట ప్రవాహ ప్రసారమున సాధ్యము. నాటి టీవీ పాఠమున సాధ్యము కాలేదు.

విద్యార్థులారా! ఈ జ్ఞానమును నిత్యజీవితమున ఉపయోగించుకొనుడు. సెకండునకు 50 లక్షల బిట్ల చొప్పున ఒక గంట పాఠము చూచిన సుమారు 2,250 మెగాబైట్లు ఖర్చగును. స్పష్టతను తగ్గించి 10 లక్షల బిట్ల చొప్పున చూచిన 450 మెగాబైట్లు చాలును. నల్లబల్ల మీది అక్షరములు కనబడినచో అంతకు మించిన స్పష్టత ఏల? చిత్రము అవసరము లేని పద్యపఠనమును ధ్వనిగా వినుట ఇంకను మేలు. ఒకే పాఠమును నలుగురు నాలుగు ఫోనులలో వేఱువేఱుగ చూచుటకంటె ఒక్క తెర ముందు కూర్చుండి చూచినచో నాలుగు ధారలు ఒక్కటియగును. రద్దీ లేని వేళ పాఠమును దింపుకొని, మఱునాడు చూచుకొనవచ్చును. ఇంటిలో చెల్లెలు తరగతి వినుచున్నపుడు అన్న తన సినిమాను కొంత ఆపినచో, అది శివారు చేనికి నీరు విడిచినంత పుణ్యము.

ఆనకట్ట కట్టిన నాడు నీరు డెల్టాకు వచ్చెను; దానిని తగవు లేకుండ పంచుకొనుటను మాత్రము ఊరివారే నేర్చుకొనవలసి వచ్చెను. గాజుపోగులో వచ్చు ఈ క్రొత్త నీటికిని అదియే ధర్మము. ప్రవాహమును గూర్చి తెలిసినవాడు దానిని వృథా చేయడు. ఎదుటివాని వంతును అపహరింపడు. తెరపై చక్రము తిరిగినపుడు విసుగుకొనక, చెరువు నిండువఱకు ఓపికతో వేచియుండును.